ఒక్కసారే అడిగారు

టైలరమ్మ అయస్కాంతాన్ని నేలమీద మెల్లగా లాగుతోంది. గుప్పెడంత ఉన్న ఆ అయస్కాంతానికి పొడుగాటి గుడ్డపీలిక కట్టి ఉంటుంది, నడుం వంచే పని లేకుండా. రోజూ సాయంత్రం మిషను ఆపాక, బల్ల కిందా, అద్దం ముందు కొలతలిచ్చేవాళ్ళు నిలబడే చోటా అలా ఓ చుట్టు తిప్పితే రాలిన గుండుసూదులన్నీ టిక్కుటిక్కుమంటూ వచ్చి అంటుకుంటాయి. ఆ ఇంట్లో అందరూ వట్టికాళ్ళతో తిరుగుతారు. ఒక్క సూది మిగిలినా ఎవరికో ఒకరికి గుచ్చుకోక మానదు.

"ఇవాళ బాగానే పడ్డట్టున్నాయే అక్కా, గడ్డం పెరిగింది దానికి," అన్నాడు తమ్ముడు, అయస్కాంతాన్ని చూసి.

"చేతులు కుదురుగా లేవులే," అంది ఆమె.

అది నిజమే. కానీ ఎందుకని ఎవరూ అడగలేదు. అందరి దృష్టీ బల్ల మీదుంది. గుడ్డలు కత్తిరించే ఆ బల్లకి ఒకవైపు తమ్ముడు, ఒకవైపు బస్సు నడిపి అప్పుడే ఇంటికొచ్చిన భర్త, మధ్యలో కూతురు కూర్చున్నారు. కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. చిన్నప్పుడు రెండు మెతుకులు తిని లేచిపోయేదని ఆ పేరు పెట్టింది మావయ్యే. ఇప్పుడు బాగానే తింటుంది గానీ పేరు మాత్రం పోలేదు.

పిచ్చుక బల్ల మీద రెండు రాళ్ళు పెట్టింది. ఒకటి నల్లది, ఒకటి ఇటుక రంగుది. చిన్నప్పట్నించీ ఎక్కడికెళ్ళినా జేబులో ఓ రాయి వేసుకొస్తుంది. ఇంటినిండా అవే. గుడ్డ మీద కాగితం నమూనా కదలకుండా టైలరమ్మ వాటినే బరువుగా పెట్టుకుంటుంది. పెట్టుకున్నప్పుడల్లా పిచ్చుక ఆ రాయి ఏ జాతిదో, ఎలా పుట్టిందో చెబుతుంది. తల్లికి సగం అర్థమయ్యేది కాదు. అయినా ఊఁ కొట్టేది.

"నల్లది కొండ మీది కాలేజీ," అంది పిచ్చుక. "ఇది వంతెన పక్కది. ఇప్పుడు చెప్పు మావయ్యా."

"చెప్పేదేముందే. కార్లయినా కాలేజీలయినా ఒకటే లెక్క." తమ్ముడు వాడేసిన కార్లు కొని అమ్ముతాడు. లోకంలో దేన్నయినా కారుతో పోల్చి చెప్పగలడు. "బోర్డు మీద రాసిన రేటు వేరు, బండి రోడ్డెక్కేసరికి పడే రేటు వేరు. బోర్డు చూసి బెదిరిపోయేవాడు మొదటి పిచ్చోడు. బోర్డు చూసి డబ్బు కట్టేసేవాడు రెండో పిచ్చోడు."

"నీ దగ్గర కొన్న బండి రోడ్డెక్కితే కదా," అన్నాడు భర్త.

"బావా, నీ బస్సు కన్నా నయమే. అది దిగువకి తప్ప ఎగువకి పోదు."

పిచ్చుక నవ్వలేదు. ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు.

రెండూ ప్రైవేటువే. రెండింట్లోనూ సీటు దొరకడం కష్టమే. వంతెన పక్కది దరఖాస్తు పెట్టినవాళ్ళలో మూడోవంతు మందిని తీసుకుంటుంది. కొండ మీదిది నూటికి ఆరుగురినో ఏడుగురినో. ఆ ఆరేడుగురిలో తమ పిచ్చుక ఉందని తెలిసిన రోజు భర్త చేతిలో ఉన్న టీ గ్లాసు మిషను మీద పెట్టేశాడు. ఆ మరక ఇంకా పోలేదు.

"వంతెనదాంట్లో నా మార్కులు చూసి కొంత తగ్గించారు," అంది పిచ్చుక. "నాన్న జీతం, అమ్మ కుట్టుపని, నేను ఆదివారాలు ఏదో ఒకటి చేసుకోవడం, ఇవన్నీ కలిస్తే గట్టెక్కుతాం. కొండది బోర్డు రేటు దానికి రెట్టింపు. కానీ వాళ్ళు మార్కులు చూడరు మావయ్యా, మార్కులు అందరికీ ఉంటాయి అక్కడ. సీటిచ్చాక, ఇంట్లోవాళ్ళు ఎంత పెట్టుకోగలరో చూసి మిగతాది వాళ్ళే భరిస్తారు. మనలాంటి వాళ్ళకి కొండదే చవకవ్వాలి. వంతెనదాంట్లో సగం కూడా పడకూడదు."

"మరి?"

"మరేం లేదు. తగ్గింపు సున్నా అని వచ్చింది. బోర్డు రేటు బోర్డు రేటే."

టిక్కుమని ఒక సూది వచ్చి అంటుకుంది. టైలరమ్మ తల ఎత్తలేదు.

"ఎందుకని అడిగావా?" అన్నాడు తమ్ముడు.

"ఎలా అడుగుతాం? సీటిచ్చారు, అదే గొప్ప. మళ్ళీ డబ్బులెందుకివ్వలేదని అడిగితే ఏం బాగుంటుంది."

"బాగుండకపోవడమేంటే! ఫోన్ చెయ్యి."

"వద్దులే మావయ్యా. ఏమనుకుంటారో."

టైలరమ్మ అయస్కాంతం లాగడం ఆపింది. ఆ మాట కూతురిది కాదు. ఆ గొంతూ కూతురిది కాదు. తనే ఆ పిల్ల నోట్లో కూర్చుని మాట్లాడినట్టుంది.

"రాళ్ళ గురించి చదవడానికి కొండే ఎక్కాలా ఏంటి," అన్నాడు తమ్ముడు, గదిలో బరువు తగ్గించాలని. "మా షెడ్డు వెనక బోలెడున్నాయి, ఫ్రీగా చదువుకో."

"వంతెనదాంట్లో రాళ్ళ చదువు లేదు," అంది పిచ్చుక. "అక్కడైతే లెక్కల పద్దుల కోర్సులో చేరతాను. అదీ మంచిదే. ఉద్యోగం దొరుకుతుంది." అని ఇటుక రంగు రాయిని తన వైపు లాక్కుంది. "రేపు సాయంత్రంలోగా ఎవరో ఒకరికి ఔనని చెప్పాలి. వంతెనవాళ్ళు స్వయంగా వచ్చి సంతకం పెట్టమన్నారు. పొద్దున్నే వెళ్తాను."

భర్త కూతురి తల మీద చెయ్యి వేశాడు. "మన మొహాలు చూసి లేదన్నారేమోలే. వదిలెయ్."

"మన మొహాలు వాళ్ళెక్కడ చూశారు నాన్నా. నేనే ఏదో తప్పు రాసుంటాను. అమ్మ కుట్టుపని గురించి రాసిన చోట సరిగ్గా చెప్పలేదేమో, బాగా సంపాదిస్తుందనుకున్నారేమో."

టైలరమ్మ అయస్కాంతం నుంచి సూదుల్ని వేళ్ళతో దూసి డబ్బాలో వేసింది. ఒకటి బొటనవేలి గోటి కింద దిగింది. అబ్బా అని కూడా అనలేదు.

ఆ ఫోను కిందటి నెల వచ్చింది.

అప్పుడు అద్దం ముందు స్టూలు మీద డాక్టరమ్మ నిలబడి ఉంది. రెండు వీధుల అవతల ఆవిడ ఆసుపత్రి. కొత్త గౌను అంచు పొడుగైతే మడతపెట్టించుకోవడానికి వచ్చింది. టైలరమ్మ నేలమీద మోకాళ్ళు ఆన్చి, పెదాల మధ్య సూదులు పట్టుకుని, ఒక్కొక్కటే తీసి అంచుకి గుచ్చుతోంది. ఫోను మోగితే చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కింది.

కొండ మీది కాలేజీ ఆఫీసు నుంచి. ఎవరో అమ్మాయి, మెత్తటి గొంతు. "అమ్మా, మీ అమ్మాయి మా దగ్గర ఫీజు సాయానికి పెట్టుకుంది కదా. మీవారి జీతం వివరాలు అందాయి. మీ కుట్టుపని మీద ఎంత వస్తుందో మీ సంతకంతో కాగితం ఇంకా రాలేదు. అది లేకుండా ముందుకెళ్ళదు. పంపిస్తారా, లేకపోతే సాయం అక్కర్లేదని తీసేయమంటారా?"

కళ్ళెదుట డాక్టరమ్మ పాదాలు కదలడం మానేశాయి. డాక్టరమ్మ కూతురు, పిచ్చుక ఒకే తరగతి. ఆ పిల్లకి కొండ మీద సీటు రాలేదని వీధంతా తెలుసు. అందుకే తమ పిల్లకి వచ్చిన సంగతి టైలరమ్మ ఆవిడకి చెప్పలేదు. ఇప్పుడు అది ఇలా బయటపడింది, అదీ చెయ్యి చాచుతూ.

టైలరమ్మ పెదాల మధ్య నుంచి సూదులు తీసింది. నోట్లో సూదులుండి మాట సరిగ్గా వినపడలేదని చెప్పుకోవడానికి కూడా లేదు. తీసి మరీ, స్పష్టంగా అంది. "అబ్బే, మా కోసం మీరంత శ్రమ పడకండి. పర్వాలేదండీ, మేం చూసుకుంటాం."

"అయితే తీసేస్తున్నానమ్మా."

"సరేనండీ. థాంక్సండీ."

ఫోను ఆగిపోయింది. ఆమె ఇంకా చెవి అటే పెట్టి ఉంది. ఆమె ఎరిగినంతలో ఎవరూ ఒక్కసారి అడిగి ఊరుకోరు. ఎవరింటికైనా వెళితే టీ తాగుతావా అంటారు. వద్దండీ అనాలి. అయ్యో కొంచెం అంటారు. ఇప్పుడే తాగొచ్చానండీ అనాలి. మూడోసారి గ్లాసు చేతిలో పెడతారు, సగం చాలండీ అంటూ పూర్తిగా తాగాలి. అడిగేవాళ్ళకీ తెలుసు, వద్దనేవాళ్ళకీ తెలుసు. ఆ అమ్మాయి రెండోసారి అడుగుతుందని ఆమె ఎదురుచూసింది. నిజంగా ఎదురుచూసింది.

అడిగింది డాక్టరమ్మ. "మీ అమ్మాయికి కొండ మీద వచ్చిందా?"

"ఏదోనండీ. అదృష్టం."

డాక్టరమ్మ స్టూలు మీద నుంచి కిందికి చూసింది. ఇన్నేళ్ళుగా నువ్వు, కుట్టు, తీసుకురా, ఆలస్యం చేశావే అన్న మనిషి. "మీరు పైకి కనపడరు గానీ గట్టివాళ్ళే. మావాళ్ళయితే ముందు సాయం కోసమే పరిగెత్తేవాళ్ళు. మీరు వద్దన్నారు," అంది.

మీరు.

ఆ మాట ఆ సాయంత్రమంతా టైలరమ్మ ఒంటికి కొత్త దుప్పటిలా చుట్టుకుంది. అంచు కుడుతూ రెండుసార్లు దారం తప్పింది, తప్పినందుకు నవ్వుకుంది కూడా. ఆఫీసువాళ్ళు రేపు మళ్ళీ చేస్తారు, అప్పుడు డాక్టరమ్మ ఉండదు, ఔనంటే సరిపోతుంది అనుకుంది. రేపొచ్చింది, ఫోను రాలేదు. ఆ మర్నాడు కూతురికి చెబుదామనుకుంది. పిచ్చుక ఆ రోజు పరీక్షకి చదువుకుంటోంది. ఆ తర్వాత చెప్పడానికి, ముందే ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాల్సి వచ్చేది. అలా రోజులు జరిగి, సున్నా వచ్చింది.

ఆ రాత్రి అన్నం దగ్గర రెండుసార్లు నోరు తెరిచింది. ఒకసారి, "కొంచెం పులుసు వేసుకో," అంది. ఇంకోసారి, "రేపు ఏ చొక్కా వేసుకుంటావు?" అంది.

"తెల్లది," అంది పిచ్చుక.

పొద్దున్నే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ వెనక తగిలించింది. పిచ్చుక స్నానానికి వెళ్ళింది. భర్తకి మధ్యాహ్నం నుంచి డ్యూటీ, ఇంకా లుంగీలోనే ఉన్నాడు. తమ్ముడు మేనకోడల్ని తన కారులో వంతెన దాకా దింపుతానని వచ్చి, కారు స్టార్టవక, నడిచొచ్చి కూర్చున్నాడు. భర్త ఆ విషయం మీద అతన్ని వదలడం లేదు. టైలరమ్మ ఫోను తీసుకుని, గది మూల బట్టలు మార్చుకునే తెర వెనక్కి వెళ్ళింది. కొండ కాలేజీ ఆఫీసుకి కలిపి, ఈసారి స్పీకరు నొక్కకుండా చెవికి ఆనించుకుంది.

అదే గొంతు. టైలరమ్మ తన పేరు, కూతురి పేరు చెప్పింది. అటువైపు కాసేపు మీటలు నొక్కిన చప్పుడు.

"ఆఁ, గుర్తొచ్చింది. సాయం వద్దన్నారు కదమ్మా మీరు."

"వద్దన్నానండీ. వద్దంటే... వద్దని కాదండీ."

"మరి వద్దంటే ఏమిటమ్మా?"

తెర మీద సన్నటి గీతలున్నాయి. టైలరమ్మ వాటినే చూస్తూ నిలబడింది. ఆ అమ్మాయి వెటకారంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. అంతకన్నా కష్టమైన ప్రశ్న టైలరమ్మని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"కావాలనేనండీ. మొహమాటపడ్డాను."

"అయ్యో," అంది ఆ అమ్మాయి. "ఈ ఏడాది సాయం మొత్తం పంచేశారమ్మా. మీరు ఆ రోజే చెప్పి ఉంటే చాలా తేలిగ్గా అయిపోయేది, మీవారి జీతానికి దాదాపు మొత్తం వచ్చేది. ఇప్పుడు ఎవరైనా మానుకుంటే ఆ వాటా మిగులుతుంది. వెయిటింగులో పేరు పెడతాను, కానీ నమ్ముకోమని మాత్రం చెప్పలేను. సీటు సంగతి ఇవాళ్టితో ఆఖరు. అది మా చేతుల్లో లేదు."

"పెట్టండమ్మా. పెట్టండి. కావాలి మాకు." ఒకసారి అన్నాక ఆ మాట ఇంత తేలికా అనిపించింది ఆమెకి. "మాకు కావాలండీ."

"ఏదైనా మిగిలితే ఈ నంబరుకే చెయ్యనా?"

"వద్దు. ఇది నిజంగా వద్దు. మా అమ్మాయి నంబరు రాసుకోండి."

తెర తీసుకుని బయటికొచ్చేసరికి పిచ్చుక తెల్ల చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుంటూ అద్దం ముందు నిలబడి ఉంది. ఆ రోజు డాక్టరమ్మ నిలబడ్డ చోటే. టైలరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి, కూర్చోకుండా, అంచు పట్టుకుంది.

"కొండవాళ్ళు సున్నా ఇవ్వలేదు. ఫోన్ చేసి అడిగారు. నేనే వద్దన్నాను."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మొత్తం చెప్పింది. కుట్టుపని వివరాలు అడగడం, పంపిస్తారా తీసేయమంటారా అనడం, మేం చూసుకుంటాం అనడం, ఇప్పుడు తెర వెనక మాట్లాడింది, ఇవాళ్టితో ఆఖరని ఆ అమ్మాయి చెప్పింది. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనేమోనని గబగబా చెప్పింది.

"అక్కా," అన్నాడు తమ్ముడు. "అది ఆఫీసే! వడ్డన కాదు, ఇంకొంచెం ఇంకొంచెం అని వెంటపడ్డానికి."

"మళ్ళీ అడుగుతారనుకున్నాను."

"ఎవరడుగుతారే? నేనూ అడగను, కొనేవాడు వద్దంటే బండి ఇంకోడికి..." అతను మాట మధ్యలోనే ఆపేశాడు. కార్ల పోలిక చెప్పడం మధ్యలో మానుకోవడం అతనికదే మొదటిసారి.

భర్త నవ్వబోయాడు. "పెళ్ళయిన కొత్తలో మా అక్క వాళ్ళింట్లో ఆకలేస్తుందా అంటే లేదు లేదని రెండు పూటలు పస్తులుంది మీ అమ్మ..." ఎవరూ నవ్వలేదు. అతని నవ్వు కూడా సగంలోనే చల్లారింది. "నాకైనా చెప్పాల్సింది కదే," అన్నాడు మెల్లగా. ఆ మెల్లగా అనడమే ఆమెకి తగిలింది. అరిచి ఉంటే బాగుండేది.

పిచ్చుక ఆఖరి గుండీ పెట్టుకుంది. అద్దంలోంచే తల్లిని చూసింది.

"అప్పుడు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

లేరని చెప్పొచ్చు. మొహమాటం అంటే అందరూ క్షమించే జబ్బే. దానితో ఊరుకుంటే భర్త ఇంకో పాత సంగతి చెబుతాడు, తమ్ముడు నవ్వుతాడు, రేపటికి అది ఇంట్లో చెప్పుకునే కథ అయిపోతుంది.

"డాక్టరమ్మ ఉంది," అంది టైలరమ్మ. "స్పీకర్లో అంతా వింది. ఆవిడ ముందు కావాలనలేకపోయాను. వద్దన్నాక నన్ను మీరు అంది. అది బాగుంది నాకు. అందుకే ఆ రోజే మళ్ళీ ఫోన్ చెయ్యలేదు."

పిచ్చుక అద్దం ముందు నుంచి కదిలింది. రాత్రి నుంచి బల్ల మీదే ఉన్న రెండు రాళ్ళనీ తీసి, కత్తిరించడానికి పరిచి ఉన్న గుడ్డ మీద, కాగితం అంచుల మీద, చెరోవైపు పెట్టింది. రోజూ తల్లి పెట్టుకునే చోటే. సంచీ తీసుకుని గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కోసాగింది.

టైలరమ్మ వంటింట్లోకి వెళ్ళి, పొద్దున్నే సర్దిన డబ్బా తెచ్చింది.

"ఏమీ తినలేదు. ఇది పట్టుకెళ్ళు."

"వద్దు," అంది పిచ్చుక.

వద్దు అన్నాక ఏం చెయ్యాలో టైలరమ్మకి పుట్టినప్పట్నించీ తెలుసు. చేతులు వాటంతటవే ముందుకి జరిగాయి. "కొంచెమేనే. బస్సులో తిందువు గాని."

పిచ్చుక వంగి, రెండో బూటు లేసు బిగించి, ముడి వేసి, ముడి మీద ఇంకో ముడి వేసింది. తమ్ముడు, "నేనూ బస్టాపు దాకా..." అంటూ సగం లేచాడు. భర్త అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

మూడోసారి అడగాలి. డబ్బా చేతిలో పెట్టేయాలి. టైలరమ్మ డబ్బాని రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడింది. ఆ వద్దు ఏ వద్దో, కన్నకూతురిదే అయినా, ఆమెకి తెలియలేదు.

ఆ ఇంట్లో చెత్త పారేయడానికి వీధి మొగదాకా వెళ్ళినా వెళ్ళొస్తా అని చెప్పే వెళతారు. లోపల ఎవరు ఏ పనిలో ఉన్నా వెళ్ళిరా అంటారు. పిచ్చుక లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. టైలరమ్మ వెళ్ళిరా అనడానికి గొంతు సవరించుకుంది.

పిచ్చుక తలుపు తీసి బయటికి నడిచింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.